మోకాలెత్తు గోడ

రాత్రంతా రుయాలో పరాయి జ్వరాలు కొలిచి
పొద్దున ఎనిమిదికి కొర్లగుంటలో మూడో మిద్దె ఎక్కితే
నా గది నాకంటే ముందే కాగుతా ఉంటుంది.

పైన ఏటవాలు జింకు రేకు.
నడుమ నిలబడొచ్చు.
రెండడుగులు పక్కకేస్తే తల వంచాలి,
ఇంకో రెండేస్తే కూలబడాలి,
ఆ తర్వాత పాకాలి.
రేకూ నేలా కలిసే ఆ మూల
ఎండ కాపురం పెట్టిన చోటు.
మధ్యాహ్నం అక్కడినుంచే లేచొచ్చి
అద్దె కట్టని మనిషిలా నా మంచం మీద కూర్చుంటుంది.
పగలు నిద్రపోవాల్సినదాన్ని నేను.

"ఆడ గోడ పెట్టేద్దాంమ్మా," అన్నాడు బాబ్జాన్,
"పొడుగ్గా కాదు, మోకాలికి రవంత పైకి.
పనికిరాని జాగాని అవతలికి నెట్టేస్తే
పనికొచ్చే జాగా నెమ్మదిస్తుంది."
ఇంటాయన మునిరత్నం మెట్ల మీదినుంచే అడిగినాడు:
"ఇంతకీ గోడ నాదా, నీదా?"
ఖర్చు నాదని, ఖాళీ చేసినప్పుడు గోడ ఆయనదని తేలింది.

మూడు సెలవులు కూడబెట్టుకున్నా.
రీపర్లు నిలబెట్టినాడు, రెండడుగులకొకటి,
పై కొస రేకు వాలుకి అతికేలా ఏటవాలుగా కోసి.
కోత తప్పిన ప్రతిసారీ
రంపాన్ని కాదు, చెవి మీది పెన్సిల్‌ని తిట్టినాడు.
సందుల్లోకి థర్మాకోల్:
ఫ్రిజ్జుల అంగడి వెనక ఏరుకొచ్చింది,
కొత్త ఫ్రిజ్జుల మూలల ఆకారం ఇంకా వదలంది.
అది చాలని చోట కొబ్బరి పీచు,
పీచు చాలని చోట క్యాంటీన్ గుడ్ల అట్టలు.
అట్టకి ముప్పై గుంతలు,
ముప్పై గుక్కల గాలి.

"గాలేమ్మా అసలు సామాను.
కదలకుండా పట్టుకోవాల, అంతే.
రేకు కింద మాత్రం జానెడు వదలాల,
ఆడ గాలి ఆడాల.
లేదంటే వానల్లో రేకు చెమట పోసి
నీ గోడ బూజు పట్టిపోతుంది."

ఆడే గాలి ఒకచోట, ఆగిన గాలి ఒకచోట.
పదిహేనేళ్ళుగా ఆక్సిజన్ సిలిండర్లు దొర్లిస్తున్నా,
ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

సాయంత్రం బడినుంచొచ్చిన లేఖ
సంచి దించకుండానే అడిగింది:
"నా ఊరేదీ?"

అప్పుడు గుర్తొచ్చింది.
ఆ పాకే మూలలో నాలుగేళ్ళుగా దానికో ఊరుంది.
అగ్గిపెట్టెల బస్టాండు,
మందు సీసాల మూతల జనం,
రేకు మీద మేకుతో గీసిన వీధుల పేర్లు.
నేను పడుకుని ఉంటే
చప్పుడు లేకుండా ఆడుకోవడం
అది అక్కడే నేర్చుకుంది.
పదకొండేళ్ళిప్పుడు. వీపు రేకుకి తగిలి
కాలిన మచ్చొకటి ఉందని
ఆ రోజే, కోపంలో, చూపించింది.

తలుపు కావాలంది.
"తలుపంటే వేడికి బాట," అన్నాడు బాబ్జాన్.
అది సంచి దించలేదు.
చీకటి పడ్డాక అడుగున్నర చదరం కోసినాడు,
లోపలివైపు థర్మాకోల్ రెండు పొరలు అంటించి
అంచు చుట్టూ పాత హవాయి చెప్పుల రబ్బరు కొట్టినాడు.
ఊరిని బయటికి తీసి, మళ్ళీ లోపలికి సర్దడానికి
ఆయన కూడా మోకాళ్ళ మీద వంగినాడు.

ఎండాకాలం సెలవుల మొదటి సోమవారం
టీకాల ఫ్రిజ్జులోని పాత థర్మామీటరు తెచ్చి
రెండు గంటలకి చూసినా.
గోడ అవతల నలభై ఆరు.
ఇవతల ముప్పై ఏడు.
వార్డులో ఈ అంకె కనిపిస్తే
చీటీ మీద చుక్క పెట్టి
పక్క మంచానికి పోతాం.

చల్లగా లేదు. చల్లగా ఉందని అబద్ధం చెప్పను.
కానీ దిండు దిండులా ఉంది,
కాలు చాపితే గోడ తగిలింది,
గోడ నన్ను వెనక్కి తోయలేదు.

నిద్ర పట్టే అంచున
రబ్బరు 'చప్'మంది.
కళ్ళు తెరవకుండానే అన్నా:
"ఐదు నిమిషాలే!"
జవాబు రాలేదు.
గుడ్ల అట్టల మధ్య ఎవరో
గాలిని
కదలకుండా పట్టుకున్నారు.