కొరికిన ఆకు వైపు

హోస్కోటె దాటాక ఆరు కిలోమీటర్లు.
మూడు రోజుల జూలై ముసురు.
టార్చి నేను తెచ్చాను. మునెక్క తేలేదు.
"దీపమేంటికమ్మీ, ముక్కుండాది గదా"
అని చెప్పులు గట్టు మీదే విడిచి
లెట్యూస్ మళ్ళలోకి దిగింది.
ఎంజీ రోడ్డు హోటళ్ళకి వెళ్ళే ఆకు ఇది.
ఒక్క బెజ్జం కనిపించినా
పెట్టెకి పెట్టె తిప్పి పంపుతారు.

ఇక్కడ నత్తని బసవన హుళు అంటారు.
దీనికి గుల్ల లేదు.
ఇల్లు లేని బసవన్న, అంటుంది మునెక్క,
బెంగళూరులో అదేం వింత?
నాలుక నిండా వేల పళ్ళు,
పాకిన చోటల్లా తెల్లారి మెరిసే జిగట దారి.
నిరుడు కొబ్బరి చిప్పలో ఉప్పు పట్టుకుని
రాత్రంతా ఏరేది.
ఉప్పు పడ్డ నత్త నురగై కరగడం
మొదటిసారి చూసినప్పుడు అన్నం సయించలేదట.
"అయినా తిన్న్యాలే" అంది.

యలహంకలో నా పని వేరు.
గాజు పళ్ళెంలో గడ్డకట్టిన అగరు.
కుడి అంచున నత్త కొరికిన ఆకు ముక్క,
ఎడమ అంచున నేను కత్తెరతో కోసింది.
నడుమ ఒక్క నీటి చుక్కలో అరవై నులిపురుగులు.
కళ్ళు లేవు, చెవులు లేవు,
ఒక్కొక్కటి కనురెప్ప వెంట్రుక మొనంత.
నాలుగు గంటలు చీకటి పెట్టెలో.
తీసి, సూక్ష్మదర్శిని కింద లెక్క:
నలభై ఒకటి కుడివైపు.

పంటి గాయానికీ కత్తెర గాయానికీ
తేడా ఆకుకి తెలుసు.
ఆ తేడాని గాలిలో పెడుతుంది.

నోటుబుక్కులో "ఆకు పిలిచింది" అని రాశాను.
మేడం ఎర్రసిరాతో కొట్టేసింది.
మొక్క ఎవర్నీ పిలవదు, వనమాలా.
గాయమైతే వాసనొస్తుంది, అంతే.
అది ఆకు వాసనో నత్త జిగట వాసనో
అదీ మనకింకా తేలలేదు.

నిజమే, తేలలేదు.
సోమవారం అరవైకి అరవై
ఎటూ కాని మూలకి పోయి నక్కాయి.
రెండు రోజులు బుర్ర పగలగొట్టుకున్నాక గుర్తొచ్చింది:
ఆదివారం జలుబుకి వామాకు నలిపాను,
ఆ బొటనవేలే
పళ్ళేనికి ఈ పక్కన ఆనింది.
సబ్బుతో కడిగాననే అనుకున్నాను.
వాటి లెక్కలో నేనింకా కడుక్కోలేదు.
ఆ పళ్ళెం పారేశాం, పట్టికలోకి ఎక్కదు.
అన్నిటికంటే నాకు అదే గుర్తు.

ఇవాళ పొట్లం తెచ్చాను.
నానిన రాగిపిండిలా చల్లగా, లోపల ఎన్ని లక్షలో.
బకెట్లో కలిపితే ఏమీ కనిపించదు.
మునెక్క వేలు ముంచి చూసుకుంది.
"ఇవి ఏం జేస్తాయి?"
మూపు కింద దూరతాయి.
మూడు నాలుగు రోజులకి అది మేత మానేస్తుంది,
మూపు ఉబ్బుతుంది, మట్టిలోకి దిగిపోతుంది.
దాని ఒంట్లోనే ఇవి పిల్లల్ని పెడతాయి.
ఆమె కాసేపు మాట్లాడలేదు.
"ఉప్పే మేలేమో. కండ్ల ముందరే పోతుంది"
అంటూనే జల్లు క్యాను అందుకుంది.

నాలుగో సాలులో, చీకట్లో,
తడుముకోకుండా ఆగి వంగింది.
ఆకు తిప్పితే మూడు నత్తలు.
ఎట్లా తెలిసిందంటే
"కొరికిన ఆకు పచ్చిగా ఏడుస్తాది" అంది.
మేడం వింటే దాన్నీ కొట్టేసేది.

నేనూ ముక్కు వంచాను.
తడిమట్టి. హైవే మీద డీజిల్.
నా రెయిన్‌కోటు ప్లాస్టిక్.
ఇంకేమీ అందలేదు.
చివరికి ఒక ఆకు తుంచి
ముందు పళ్ళతో, మెల్లగా, కొరికాను.
చేదు.
అరికాళ్ళ కింద మట్టిలో
ఏదో కాస్త ఇటు తిరిగినట్టనిపించి
బూటులోనే
వేళ్ళు ముడుచుకున్నాను.