పొడుగు గీత

మిందేలో రేవు మీద గాలికి తెరిపి లేదు.
కిటికీ సందులో మడతపెట్టిన కాగితం కుక్కి
జులీనియా వ్యాసం మూడోసారి తెరిచాను.
చేపలమ్మే స్త్రీల రోజువారీ రాబడి,
ముప్పై ఒక్క పేజీలు, పట్టికలు ఆరు.

పత్రిక వాళ్ళ నియమాలు నాకు కంఠతా వచ్చు.
కరెన్సీ పేరు ముందు, మూడు పెద్ద అక్షరాల్లో.
తర్వాత ఒక ఖాళీ, తెగని ఖాళీ,
పంక్తి చివర డబ్బొక చోట, దాని పేరొక చోట
విడిపోకుండా పట్టి ఉంచేది.
వేలకు కామా, దశాంశానికి చుక్క.
అంకెతో వాక్యం మొదలుపెట్టకూడదు.

మా ఊళ్ళో ధర అలా రాయం.
300$00.
ఆ గుర్తు నట్టనడుమ నిలబడుతుంది,
ఇటు ఎస్కుదోలు, అటు సెంతావోలు,
రెండిళ్ళకూ ఉమ్మడి గోడలా.
అటు ఇంట్లో ఎవరూ లేరనుకోండి.
సెంతావోలు ఇచ్చి ఏదైనా కొన్నవాళ్ళు
మా వీధిలో ఒక్కరూ మిగల్లేదు.
అయినా సుద్దముక్కతో ఆ రెండు సున్నాలూ
రోజూ చుడతాం, వాకిట్లో దీపం పెట్టినట్టు.

నూట పద్నాలుగు గోడలు పడగొట్టాను,
చిటికెడు దుమ్ము లేవలేదు.
పక్కన బ్రాకెట్లలో యూరోలు: 2.72.
కిలో కవాలా చేపలు
రోటర్‌డామ్‌లో ఒక కప్పు కాఫీ అయ్యాయి.

నాలుగో పట్టిక దగ్గర చెయ్యి ఆగింది.
న్యా ఎర్మెలింద. బుధవారం, 0$00.
గురువారం, ఏమీ లేదు, ఉత్త గడి.
శుక్రవారం మళ్ళీ 0$00.

"మర్చిపోయావా?" ఫోన్ చేసి అడిగాను.
"లేదు, ఆమె చెప్పింది చెప్పినట్టే రాసుకున్నా.
సున్నా అంటే, తట్ట నెత్తిన పెట్టుకుని
రిబేరా బోతె దాకా ఎండలో తిరిగి
ఒక్క చేపా అమ్మకుండా వెనక్కి రావడం.
ఖాళీ అంటే ఆ రోజు పడవే కదల్లేదు,
ఆమె మధ్యాహ్నం దాకా నిద్రపోయింది.
రెంటినీ ఒకటి చేశావో
ఇక నా గడప తొక్కకు, అంది."

నియమం మాత్రం, గడి ఖాళీగా ఉండరాదు.
సున్నాలను సున్నాలుగానే ఉంచి
గురువారం గడిలో చిన్న గీత గీశాను.
కింద ఫుట్‌నోట్, నలభై పదాలు దాటకూడదట.
ముప్పై ఎనిమిదికి ఇరికించాను.
నిద్ర అన్న మాట పట్టలేదు.
"పనికి వెళ్ళని దినము" అని రాసి
ఎవరో పరాయివాళ్ళు రాసినట్టు చదువుకున్నాను.

రాత్రి పొద్దుపోయాక రోటర్‌డామ్ నుంచి జవాబు.
ఫుట్‌నోట్ ఫరవాలేదట.
గీత మరీ పొట్టిగా ఉంది, మైనస్ అనుకుంటారు,
ఇంకాస్త పొడుగ్గా వెయ్యమన్నారు.

వేశాను.
ఇప్పుడు దాని మీద
ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు.