గుసగుస

మాంటెవిడియో కోర్టులో ఫిబ్రవరి.
ఫ్యాను ఉంది, జడ్జి వైపుకి.
నా పని చేతులతో మాట్లాడటం,
వినపడని సాక్షికీ నల్లకోటుకీ నడుమ.

సెంటు కలిపిన రోల్-ఆన్ చంకల్లో నిప్పు పెట్టింది.
వంటసోడాది సహజమేనట, తోలు ఊడదీసింది.
పటిక రాయి మండలేదు,
చెమటనీ ఆపలేదు, మర్యాదస్తురాలు.

అందుకని మోచేతులు డొక్కలకి అతికించి
ఇల్లు, పొలం, అప్పు, సంతకం
అన్నీ బొమ్మరింటి సామానంత చేసి చూపించాను.
విరామంలో విల్మార్ గారు, డెబ్బై దాటిన గొర్రెలకాపరి,
కళ్లు చిట్లించి వేళ్లతో అడిగారు:
ఎందుకమ్మా గుసగుసలాడుతున్నావు?
అంత రహస్యమా నా కేసు?

ఆ సాయంత్రం మందులషాపు ఒదీలియా
వాసన లేని తెల్లడబ్బా ఒకటి తీసి
"ముందు మోచేతి మడతలో బఠాణీ గింజంత,
మూడ్రోజులు చూడు. గీసుకున్న రోజు వద్దు.
రాత్రిపూట, ఒళ్లు బాగా ఆరాక, పల్చగా.
పొద్దున రాస్తే చెమటతోపాటే కారిపోతుంది" అంది.
ఇరవయ్యేళ్లుగా నేను పొద్దున్నే రాస్తున్నాను.

మూడు రోజులూ ఆ మడతనే చూశాను,
పొయ్యి మీద పాలని చూసినట్టు.
పొంగలేదు.

వాయిదా నాడు లేత బూడిదరంగు చొక్కా వేసుకున్నాను, పంతానికి.
లిఫ్టులో ఎవరూ లేనప్పుడు తడిమి చూసుకున్నాను.
కాస్త తడి. కాస్తే.

భుజాల నుంచి ఎత్తాను చేతుల్ని.
పొలం కిటికీ దాటి పోయింది,
అప్పు పైకప్పుకి తగిలింది.

విల్మార్ గారు కుర్చీలో వెనక్కి వాలి
అరచేతిని కిందికి అదిమారు:
మెల్లగా తల్లీ,
అరవకు.