లోపల వదిలిన గుడ్డ

హసావీలో మా టైలరింగ్ షాపుకు ఎదురుగానే క్లినిక్.
మూడు మెట్లు, మెట్ల మీద ఎప్పుడూ ఇసుక.
బళ్లో చూస్తే బీపీ కొంచెం ఎక్కువుందని
చీటీ రాసి పంపినారు, వానికి పదేండ్లు.
పదేండ్ల పిల్లోనికి బీపీ ఏందని
వాళ్ల నాయన నవ్వినాడు.
నేనూ నవ్వినా, నోటితో.

నర్సు వాని చేతికి పట్టీ చుట్టింది.
నా కండ్లు ఊరుకోవు కదా,
చుట్టుకొలత ఎనిమిదిన్నర, లోపలే రాసుకున్నా.
పట్టీ ఉబ్బి, బుస్సుమని దిగింది.
వాడు గోడమీది గుండె బొమ్మ చూస్తా ఉన్నాడు,
ఎర్ర గొట్టాలు, నీలం గొట్టాలు,
ఎవరో పెన్నుతో దానికి మీసం గీసినారు.

డాక్టరమ్మది సూడాన్.
వాణ్ని వదిలేసి నన్ను చూసింది.
"ఉమ్ జిలాన్, నీకు నెలసరి సరిగా వచ్చేదా?"

పట్టీ వాని చేతికుంటే
ప్రశ్న నాకెందుకమ్మా.

చెప్పినా.
నాలుగు నెలలకోసారి, ఒక్కోసారి ఆరు.
పెండ్లయిన ఏడేండ్లకు వీడు.
గడ్డం కింద మొలిచే వెంట్రుకల్ని
తెల్లారకముందే కుట్టుదారంతోనే లాగేసేదాన్ని,
కొళాయి తిప్పిపెట్టి.
రాజంపేటలో మా అత్త అనిన మాట ఒకటుంది.
అది చెప్పలేదు.
దానికి అరబ్బీ నాకు తెలీదు,
తెలుసుకోను కూడా.

ఆమె కాయితం మీద రెండు గుండ్రాలు గీసింది.
వాటి నిండా చుక్కలు,
నేను గుండీల జాగాకు సుద్దతో పెట్టే గుర్తుల మాదిరి.
ఆ హార్మోన్ల లెక్క తప్పిన ఒంట్లో
బిడ్డ తొమ్మిది నెలలు ఉంటే
రేపు దాని గుండెకు, నెత్తురు గొట్టాలకు...
"యిమ్కిన్," అనింది.
కావచ్చు.
"అందరి బిడ్డలకూ కాదు. నీ తప్పు అసలే కాదు.
చూసుకుంటా ఉండాల, అంతే."

ఈ దేశంలో ఆ మాట నాకు కొత్త కాదు.
జీతమెప్పుడు? యిమ్కిన్ రేపు.
అకామా అవుతుందా? యిమ్కిన్.
పన్నెండేండ్లుగా తిట్టుకున్న మాట
ఇప్పుడొచ్చి నా కొడుకు గుండె పక్కన
చెప్పులు విడిచి కూర్చుంది.

నా ముక్కు వానికిచ్చినా. ఎడంచేతి వాటం ఇచ్చినా.
అడిగి ఇచ్చినానా?
మా అమ్మకూ గడ్డం కింద రెండు వెంట్రుకలుండేవి.
శనక్కాయల చేన్లో, ఎదను అరచేత్తో అదుముకుని
కూచున్నది కూచున్నట్టే పోయింది.
ఆమెకు ఎవరూ గుండ్రాలు గీసి చూపలేదు.
రెంటికీ సంబంధముందో లేదో
నాకేం తెలుసు. యిమ్కిన్.

బయట నలభై తొమ్మిది డిగ్రీలు.
అందుకే షాపు మూసినాక మాల్‌లో నడుస్తాం,
ఏమీ కొనకుండా, ఈ కొస నుంచి ఆ కొసకు.
సెంటు అంగడి మనిషికి మా ముఖాలు గుర్తే.
ఊరగాయ సీసా పై అరలోకి పోయింది;
రాత్రి వాళ్ల నాయన దించుకుంటాడు, మూత చప్పుడు నాకు వినబడుతుంది.
"అమ్మా, నా గుండెలో ఏముంది?" అంటాడు వీడు.
"అరవకుండా నడువు" అంటా.

ఈ వారం వాని బడి చొక్కా కుట్టినా.
పక్క కుట్లలో అంగుళం గుడ్డ ఎక్కువే వదిలినా, లోపలికి మడిచి.
కుట్టు విప్పాల్సి వస్తే విప్పుకోవచ్చు.
రాకపోతే
అది అక్కడుందని వానికి తెలియను కూడా తెలియదు.
పైనెల పదో తేదీ మళ్లీ పట్టీ.
మిషన్ కింద సుద్దతో రాసి పెట్టుకున్నా.