ఖాళీ డ్రమ్ములు

జూలై రెండో వారం. గుడిపాల రోడ్డు పొడుగునా
తోతాపురి ట్రాక్టర్లు, చక్రాల కింద రాళ్లు పెట్టుకొని.
నీడ ఎటు జరిగితే అటు
చాపలు జరుపుకుంటా ఉండారు డ్రైవర్లు.
లోపల నా టేబుల్ మీద
సి డ్రైవు ఎర్రబడింది.

మెయిల్ రాదు. పోదు.
చెన్నై రేవులో మా కంటైనరు
ఒక్క కాగితం కోసం నిలబడి ఉంది.
మేనేజరు దొరసామి నాయుడు తడి కర్చీఫుతో వచ్చి,
"పాతవన్నీ కొట్టేయ్ సుగుణమ్మా,
ఇంకా ఏమి చూస్తావు!"

అన్నీ కొట్టలేదు.
యంత్రాలు అమ్మేవాళ్ల ప్రకటనలు, ఎవరివో పండగ శుభాకాంక్షలు,
నాలుగు వేలు పోయినాయి.
చెత్తబుట్ట కూడా దులిపినాను.
ఎరుపు ఎరుపుగానే ఉంది.

కిటికీలోంచి గోడౌన్ చూపించినాను:
"గుజ్జు తీసేస్తే డ్రమ్ము చిన్నదవుతుందా సార్?
లోపల వట్టిదే. చోటు మాత్రం వదలదు.
ఈ ఫైలూ అంతే."
నలభై ఏడు జీబీ.
పందొమ్మిది సీజన్లు ఒకే మూటలో.

దాన్ని కుదించొచ్చు.
కానీ చోటు చేసుకోవడానికీ కొంచెం చోటు కావాల.
అంతకన్నా ముందు నకలు కావాల.

సంచి మూతి కట్టకుండా డ్రమ్ము ఎత్తరు మావాళ్లు.
నేనూ మెయిల్ మూసినాను,
నిజంగా మూసుకుందా అని రెండుసార్లు చూసినాను,
బయటి డిస్కు తగిలించినాను.
నాలుగు గంటలంటుంది. పదకొండు నిమిషాలంటుంది.
ఉన్నట్టుండి రెండు రోజులంటుంది.
దాని మాట నమ్మి టీ తాగేదానికి పోకూడదు.

పచ్చగీత పాకతా ఉంటే
ఏమేమి పోతున్నాయో నాకు తెలుసు:
బ్రిక్స్ తక్కువని తిప్పి పంపిన లాట్లు,
కిలోకి అర్ధరూపాయి కోసం నెల రోజులు
రాసుకున్న కోపాలు,
సులోచన కాన్పు సెలవు చీటీ,
గుజ్జుమిషన్లో దొరికిన పాము ఫోటో,
ఒకరికొకరు పంపుకొని ఏడు నకళ్లయింది.

అయిపోయింది అని వచ్చింది.
అయిపోయిందని ఎవరు చెప్పాల?
తెరిచి చూసిన కన్ను చెప్పాల.
డిస్కు తీసుకొని వేబ్రిడ్జి గదికి పోయి
ఆ కంప్యూటర్లో తెరిచినాను.

పాస్‌వర్డ్ అడిగింది.

నా దగ్గర ఇన్నేండ్లలో ఒక్కనాడూ అడగలా.
నా యంత్రానికి గుర్తుంది. నాకు లేదు.
ఆ యంత్రం రేపు కాలిపోయుంటే
నా చేతిలో మిగిలేది
తాళం పడిన నలభై ఏడు జీబీ.

ఖాదర్ బాషాకి ఫోన్ చేసినాను.
రిటైరయి పలమనేరులో
కూతురి కూల్‌డ్రింకు అంగట్లో కూర్చుంటాడు.
ఆ ఫైలు పెట్టింది ఆయనే.
"మొదటి బండి బరువు," అన్నాడు, ఆలోచించకుండా.
"మూడు వేల ఎనిమిది వందల నలభై.
మీసాల మునెయ్య బండి. కాయ కొంచెం పచ్చి."

తెరుచుకుంది.
మొదటి ఏడు చూసినాను, నడిమి ఏడు చూసినాను,
ఒక బిల్లు విప్పి అంకెలు చదివినాను.
అప్పుడు, అప్పుడే,
నా దగ్గరున్న పాత సీజన్ల మీద చెయ్యి వేసినాను.

కుదింపు రాత్రంతా సాగింది.
స్విచ్చు మీద అట్ట అంటించినాను: ఆపొద్దు.
ఊడ్చేదానికి వచ్చిన పిల్లోడు
ఆ అట్ట కింద కూడా ఊడ్చి పోయినాడు,
స్విచ్చు జోలికి పోకుండా.

తెల్లారేసరికి ముప్పై జీబీ వట్టి నేల.
డిస్కు బీరువాలో పెట్టినాను.
పాస్‌వర్డ్ చీటీ అక్కడ పెట్టలా, ఇంకో చోట పెట్టినాను.
పాము ఫోటో ఒకటి ఉంచుకున్నాను, ఏడింట్లో.

మొట్టమొదట దిగిన మెయిలు
మేనేజరుకి ఏదో బ్యాంకు పంపిన పుట్టినరోజు కేకు బొమ్మ.
రెండోది రేవు నుంచి.

బయట ఎవరో కేక వేసినారు.
డ్రైవర్లు చాపలు చుట్టి, రాళ్లు తీసి,
ఒక బండి పొడుగు ముందుకు జరిగి,
మళ్లీ రాళ్లు పెట్టుకున్నారు.