మూడో షిఫ్టు పని

బఫెలోలో జనవరి. మా గదికి కిటికీ లేదు.
మంచు ఎంత పడిందో
లోపలికొచ్చేవాళ్ల బూట్లు చూసి తెలుసుకుంటాను.

బల్ల మీద ప్లాస్టిక్ డబ్బాల వరుస.
మూత తీస్తే ఫార్మలిన్ ఘాటు,
దాని వెనక ఎవరిదో ఒక సంసారం:
మిరియాలంత రాళ్లతో ఒక పిత్తాశయం,
మోకాలి కింద తీసేసిన ఒక కాలు,
గోళ్లకు ఇంకా చెక్కు చెదరని ఎర్ర రంగు.
ఎవరు వేశారో, మనవరాలేమో.
రిపోర్టులో ఆ సంగతికి గడి లేదు.
అయినా రాశాను.
డాక్టర్ జావొర్స్కా దాన్ని కొట్టెయ్యలేదు,
కామా ఒకటి సరిచేసింది.

గోడ ఫోను మోగిందంటే ఇరవై నిమిషాలే గడువు.
పై అంతస్తులో ఒక పొట్ట తెరిచి ఉంటుంది,
సర్జను చేతులు కట్టుకుని గడియారం చూస్తుంటాడు.
ముక్కను గడ్డకట్టించి
ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తాను.
బ్లేడు మీద అది
పాత కేలెండరు కాగితంలా చుట్టుకుపోతుంది,
కుంచెతో బుజ్జగించి పరుస్తాను.
ఆ పైన రంగు, గాజు, ఊపిరి బిగబట్టడం.

నవంబరులో ఒక జీర్ణాశయం.
అంచు శుభ్రం అన్నాను.
జావొర్స్కా తన వైపు నుంచి చూసి, తలూపింది.
పైన కుట్లు వేసేశారు.

రెండు రోజులకు, మైనంలో కోసిన అసలు స్లైడు మీద
నల్ల సిరా గీతకు ఆనుకుని
ఆరు కణాలు.
కేంద్రకాన్ని ఓ పక్కకి నెట్టేసుకుని
ముద్రటుంగరాల్లా, మహా వినయంగా,
అక్కడే పుట్టిపెరిగినట్టు కూర్చున్నాయి.

"సర్జనుకు నువ్వే చెప్పు," అంది జావొర్స్కా.
"మెయిలు కాదు. గొంతుతో."
నా గొంతు నాకే
పక్కింటి రేడియోలా వినిపించింది.

ఇవాళ ఆ జీర్ణాశయం మనిషి వచ్చాడు.
నస్సర్ ముఫ్లహీ, డెబ్భై ఐదేళ్లు.
రెండోసారి కోయించుకుని, సగం బరువు దిగి,
జారిపోకుండా ఉంగరానికి దారం చుట్టుకుని.
లాకవానా ఉక్కు మిల్లులో
గొట్టాల అతుకులకు ఎక్స్‌రేలు చూసేవాడట.
"నా అతుకు నేను చూసుకోవాలి," అన్నాడు.

రెండు జతల కళ్లున్న మైక్రోస్కోపు.
ఎదురుగా నేను.
మధ్యలో గులాబి రంగు నేల,
దాని మీద నేను తిప్పే చిన్న ఆకుపచ్చ బాణం.
"ఏవీ, ఆ ఆరూ?"
చూపించాను.
చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ముక్కు
కొంచెం ఈల వేస్తోంది.

"ఇది మూడో షిఫ్టు పని," అన్నాడు చివరికి.
"తెల్లవారుజామున నాలుగింటికి
ఎవడో కునుకుతూ అతికించాడు."

మొదటిసారి చూసింది నేనే, అన్నాను.
వాక్యం అక్కడే ఆగిపోయింది.
పక్కన జావొర్స్కా పెన్ను మూత తీసి, పెట్టి.

ఆయన కళ్లు ఎత్తలేదు.
"డెబ్భై నాలుగులో నేనూ ఒకటి వదిలేశాను,
వెంట్రుకంత చీలిక.
పొద్దున్నే వెళ్లి ఫోర్‌మన్‌కి చెప్పాను.
వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.
గొట్టం కోసి మళ్లీ అతికారు."
అంతే. పోనీలే అనలేదు,
నన్ను కోప్పడనూ లేదు.
"ఈ గులాబి రంగు ఎవరు పెట్టారు?
ఇంత ముచ్చటగా ఉండాల్సిన పని ఏముంది దీనికి?"
అని మాత్రం అడిగాడు.

ఫోను మోగింది.
ఇరవై నిమిషాలు.
లేచి పరిగెత్తాను. ఈసారి ఊపిరితిత్తి.
మూడు చోట్ల కోశాను, రెండుసార్లు చూశాను.
పద్దెనిమిదో నిమిషంలో, "తెలీదు," అన్నాను,
"ఇంకో ముక్క పంపండి."
సర్జను నిట్టూర్పు తీగలోంచి చల్లగా వచ్చింది.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ.
నేల మీద కరిగిన మంచు, రెండు బూట్ల మేర.
ముఫ్లహీ మీట తిప్పినట్టున్నాడు:
కంటికటకం కింద ఆ ఆరూ లేవు.
స్లైడు ఆ చివర,
వరసలో ఒక్కటీ తప్పకుండా
గ్రంథులన్నీ కుదురుగా నిలబడిన చోట
ఆపి వెళ్లాడు.

దీపం ఆర్పలేదు.