కాకిలెక్క కాదు

నిండుకుండ తొణకదంటారు.
కాయానీ ఊరి చివర మూడో నంబరు పంపు దగ్గర
నా నిండు ట్యాంకు తొణుకుతుంది.
పంపు టక్కుమని ఆగిపోయాక
కారు భుజం పట్టుకుని అటూ ఇటూ ఊపుతాను,
లోపల నక్కిన గాలిబుడగలు
గొణుక్కుంటూ పైకొస్తాయి,
మరో ముప్పావు లీటరు పడుతుంది.
ఎప్పుడూ ఇదే పంపు, ఇదే మూల,
ఎడమ చక్రం మురుగుమూత మీద.
లేకపోతే లెక్క లెక్క కాదు.

కౌంటరు వెనక పిల్ల, వెండ్లా,
నవ్వాపుకోలేక తల తిప్పుకుంటుంది.
మైనస్ పందొమ్మిది చలిలో
కారుని జోకొట్టేవాణ్ణి
ఇంకెక్కడ చూస్తుంది పాపం.

డ్యాష్‌బోర్డు మీద అంకె వెలుగుతుంది: ఎనిమిదిన్నర.
అబద్ధం.
దాని తప్పేం లేదు,
కంపెనీ బిగించిన సన్న ఇంజెక్టర్లే ఇంకా ఉన్నాయనుకుంటోంది.
వాటిని పీకి పెద్దవి పెట్టిన ఒస్మో
ఇంజనుకు చెప్పాడు గానీ
ఈ అంకెకు చెప్పడం మరిచాడు.
ఎంతసేపు నోరు తెరిచారో లెక్కపెడుతుంది,
ఎంత మింగారో దానికేం తెలుసు.

ఓడోమీటరూ అంతే.
టైర్లు లావెక్కాక
వంద నడిచి తొంభయ్యేడంటోంది,
చేసిన పని తగ్గించి చెప్పుకునే మనిషిలా.
రోడ్డుపక్క పలకలతో సరిచూసి
మూడు శాతం కలుపుతాను.

నాలుగొందల పన్నెండు. కలిపితే నాలుగొందల ఇరవై నాలుగు.
పోసింది యాభై ఒకటీ పాయింటు మూడు.
నూరు కిలోమీటర్లకు పన్నెండు లీటర్లు, పైన వెంట్రుకవాసి.
టర్బో, పైపు, కూలరు, ఒక వేసవి జీతం మొత్తం.
చేతి చమురు వదిలిందని ఊళ్లో అందరూ అంటారు.
ఎంత వదిలిందో పాయింటుతో సహా చెప్పేవాణ్ణి
నేనొక్కణ్ణే.

మా మేనత్త హిల్కా
ముప్పై ఒక్కేళ్లు దుంగల లారీ నడిపింది.
నా నోట్‌బుక్కు తిరగేసి, కాఫీ ఊదుకుంటూ అంది:
"కారు గురించి అన్నీ రాశావు.
నడిపినవాడి గురించి ఏదీ?"

ఆదివారం తాళం ఆమె చేతికిచ్చాను.
అదే రోడ్డు, అవే టైర్లు,
ఓవులు అవతల సముద్రం దాకా వెళ్లి రావడం,
పోతూ గాలి తిన్నది
వస్తూ తిరిగిచ్చేలా.

ఆమె బ్రేకు తొక్కడం నేను చూడలేదు.
అరకిలోమీటరు ముందే కాలు తీసేస్తుంది,
ఎర్రదీపం ఎదురుచూసి విసుగొచ్చి పచ్చబడుతుంది.
మిట్ట మీద వేగం చచ్చినా బతిమాలదు,
పల్లంలో బండి దాని ఇష్టం.
టర్బో ఒక్కసారీ ఈల వేయలేదు.
పక్క సీట్లో పెన్సిలుతో నేను,
పెంచిన కుక్క పరాయివాళ్ల మాట వింటుంటే
చూస్తూ కూర్చున్నట్టు.

మూడో నంబరు పంపు. మురుగుమూత. ఊపడం.
ముప్పై మూడున్నర.
మళ్లీ ఊపాను. ఇద్దరం ఊపాం.
వెండ్లా బయటికొచ్చి తనూ ఓ చెయ్యేసింది.
ఇంకో చుక్క పట్టలేదు.
ఏడు పాయింటు తొమ్మిది.

పంపు తప్పయుంటుందన్నాను.
చలికి పెట్రోలు ముడుచుకుంటుందన్నాను.
మంచు మీద కారు ఓ పక్కకి ఒరిగుందన్నాను.
హిల్కా గ్లౌజులు తొడుక్కుంటూ
"అయితే దానికీ ఏదో శాతం కలుపుకో" అంది.

ఆ రాత్రి నోట్‌బుక్కులో కొత్త గడి గీశాను: ఎవరు.
వెనక్కి వెళ్లి, నలభై ఆరు ట్యాంకుల పక్కన
నా పేరే రాసుకుంటూ పోయాను.
అన్నీ పన్నెండులూ పదమూడులూ,
ఒకటి మాత్రం పదహారు.
ఆ రోజు ఎందుకంత కోపంగా ఉన్నానో
ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

తర్వాత ట్యాంకంతా అత్తలా నడిపాను.
తొమ్మిదికి దిగుతుందనుకున్నాను.
గురువారం, పాల్తమో దాటాక,
చెట్లు పక్కకి జరిగి
గడ్డకట్టిన సరస్సు వెంట
రోడ్డు తిన్నగా పరుచుకున్నచోట
ఎదురుగా ఎవరూ లేరు.
ఈల.
వెనకద్దంలో మంచుపొడి తెల్లగా లేచింది.
పదకొండు సెకన్లు.

అవీ రాశాను.
వాటివల్ల సగటు ఎంత పెరిగిందో రాశాను.
ఎవరు అన్న గడి దగ్గర
పెన్సిలు కాసేపు ఆగి,
అత్త పేరు మీదికి వెళ్లబోయి,
నాదే రాసింది.